బిడదికి ఒక రోజు, ఫిల్మ్ సిటీకి మూడు రోజులు

బెంగళూరు మారతహళ్లిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సెలవుల్లో ఎదురయ్యే ప్రశ్న ఒకటే: మైసూరు రోడ్డు మీద, బిడది దగ్గర 2005 నుంచి నడుస్తున్న వండర్‌లా వినోద పార్కుకు వెళ్లడమా, హైదరాబాదు దాకా రాత్రంతా ప్రయాణించి రామోజీ ఫిల్మ్ సిటీ చూడడమా? విస్తీర్ణంలో పోటీయే లేదు. 1600 ఎకరాలు దాటిన ఫిల్మ్ సిటీలో సెట్లు, తోటలు, హోటళ్లు అన్నీ ఒకే ఆవరణలో ఉండడం వల్ల, అది చూసి వచ్చే చోటుగా కాక బస చేసే చోటుగా మారింది. రైడ్లు ఎక్కలేని పెద్దవాళ్లకు, బస్సులో కూర్చుని సెట్లు చూసే ఆ పద్ధతి నిజంగా హాయి.

అయితే మూడు రోజుల సెలవు, రానుపోను టికెట్లు, గది అద్దె కలిస్తే అది ఏటా కుదిరే యాత్ర కాదు. బిడది పార్కు గెలిచేది సరిగ్గా ఇక్కడే. పొద్దున దారిలో వెన్న ముద్ద కరుగుతున్న తట్టె ఇడ్లీ తిని, సాయంత్రానికి తడి జుట్టుతో పిల్లలు కారు వెనక సీట్లో నిద్రపోతుండగా ఇల్లు చేరవచ్చు. పనిరోజుల్లో బడులు, కాలేజీలు, ఆఫీసుల బృందాలు పార్కును నింపుతాయి. చాలా రైడ్లను కంపెనీ కొచ్చిలో సొంతంగా తయారు చేసుకోవడం ఖర్చును అదుపులో ఉంచుతుంది. పక్కనే రిసార్టు కూడా ఉంది కానీ, నా దృష్టిలో అది అదనపు వసతి మాత్రమే. గదులు పెంచడం కన్నా, నిరుడు వచ్చినవాళ్లను మళ్లీ రప్పించే కొత్త రైడు మీద పెట్టే డబ్బే ఈ పార్కుకు ఎక్కువ పనికొస్తుంది.