భౌతికశాస్త్ర తరగతిలో ఇంటరాక్టివ్ ప్యానెల్: ఒక ఛాత్రోపాధ్యాయురాలి దీర్ఘకాల అనుభవం

ప్రకాశం జిల్లా చీమకుర్తి పరిసరాల్లోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో, బీఎడ్ రెండో ఏడాది ఇంటర్న్‌షిప్ సాగినంత కాలం తొమ్మిది, పది తరగతులకు భౌతికశాస్త్రం చెప్పాను. ఇంటర్న్‌షిప్ ముగిశాక కూడా మెంటర్ మేడం అనుమతితో పదో తరగతి పిల్లల ప్రత్యేక తరగతులకు వెళ్తూనే ఉన్నాను. ఈ కాలమంతా నాకు చేదోడుగా ఉన్నది ప్రభుత్వ బడుల బాగు కోసం చేపట్టిన ‘మనబడి నాడు-నేడు’ పథకంలో భాగంగా 2023లో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలకు చేరిన ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్, అంటే వేలితో తాకి నడిపే పెద్ద తెర. దానిమీద ఎక్కువగా వాడినవి పాఠాల వీడియోలు దొరికే దీక్ష యాప్, తెరమీదే ప్రయోగం చేసి చూసే ఫెట్ సిమ్యులేషన్లు. కంటికి కనిపించనిదాన్ని, తరగతి గదిలోకి తేలేనిదాన్ని చూపించడంలో ఈ ప్యానెల్‌కు సాటి వచ్చే బోధన సామగ్రి నాకు ఇంతవరకు దొరకలేదు. పిల్లలు చేత్తో పట్టుకుని చేసి చూడగలిగిన విషయాల్లో మాత్రం మొదట దాన్ని ఆపి ఉంచడమే మేలని నా అభిప్రాయం.

తొమ్మిదో తరగతిలో పరమాణు నిర్మాణం పాఠాన్ని తీసుకుందాం. 1909లో రూథర్‌ఫర్డ్ మార్గదర్శకత్వంలో గైగర్, మార్స్‌డెన్‌లు పలుచని బంగారు రేకు మీదికి ఆల్ఫా కణాలను (ధనావేశం ఉన్న సూక్ష్మ కణాలను) పంపి చేసిన ప్రయోగం, దాని ఆధారంగా 1911లో రూథర్‌ఫర్డ్ ప్రతిపాదించిన కేంద్రక నమూనా ఆ పాఠానికి ప్రాణం. ఆ ప్రయోగాన్ని ఏ ఉన్నత పాఠశాల ల్యాబ్‌లోనూ చేసి చూపలేం, సుద్దముక్కతో బోర్డుమీద నాలుగు బాణాలు గీస్తే అందులోని ఆశ్చర్యం పిల్లలకు అందదు. ఇలాంటి చోట ఫెట్ నిజంగా అక్కరకు వస్తుంది. 2001లో నోబెల్ బహుమతి అందుకున్న కార్ల్ వీమన్ ఆ మరుసటి ఏడాది కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన ఈ ప్రాజెక్టు సిమ్యులేషన్లు ఉచితంగా దొరుకుతాయి, చాలావాటికి తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి. రూథర్‌ఫర్డ్ సిమ్యులేషన్‌లో ఆల్ఫా కణాల శక్తిని, కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్యను మార్చుతూ దారులు ఎంత వంగుతున్నాయో పిల్లలే చూసుకోవచ్చు. వెనక బెంచీలో కూర్చుని ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి ఒకరోజు తనంతట తానే లేచి వచ్చి, ప్రోటాన్ల సంఖ్యను పెంచి, ‘‘మేడం, ఇప్పుడు ఇంకా దూరంలోనే తిరిగిపోతున్నాయి’’ అని చెప్పింది. విద్యుత్ వికర్షణ గురించి నేను చెప్పాల్సిన మాట ఆ పిల్లే చెప్పేసింది.

అయితే ఇదే సిమ్యులేషన్ ఒక తప్పు భావనకు కూడా దారితీయగలదు. దానిలో పరమాణు స్థాయి, కేంద్రక స్థాయి అని రెండు దృశ్యాలున్నాయి. కేంద్రకాన్ని బాగా దగ్గరగా చూపే దృశ్యంలో కణాలు దాదాపు అన్నీ వంగుతూ కనిపిస్తాయి. దాన్ని చూసిన ఒక కుర్రవాడు, ‘‘అన్నీ వంగుతుంటే పుస్తకంలో పన్నెండు వేలకు ఒకటే వెనక్కి వచ్చిందని ఎందుకు రాశారు మేడం?’’ అని అడిగాడు. తరగతి మొత్తానికి అవసరమైన ప్రశ్న అది. అప్పటి నుంచి ముందు పరమాణు స్థాయి దృశ్యాన్ని, కణాలు నేరుగా సాగిపోవడాన్ని చాలాసేపు చూడనిచ్చి, ఆ తర్వాతే కేంద్రకం దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఈ వరుస ఏ మెనూలోనూ రాసి ఉండదు, దాన్ని ఉపాధ్యాయులే నిర్ణయించుకోవాలి.

మరొక హద్దు కూడా ఉంది. పరమాణు వ్యాసార్ధంతో పోలిస్తే కేంద్రక వ్యాసార్ధం దాదాపు లక్ష రెట్లు చిన్నదని పాఠం చెబుతుంది. ప్యానెల్ వెడల్పు సుమారు మీటరున్నర అనుకుని, పరమాణువును ఆ తెర నిండా గీస్తే, అదే కొలతలో కేంద్రకం మిల్లీమీటరులో అరవయ్యో వంతు కూడా ఉండదు, కంటికే ఆనదు. కాబట్టి ఏ తెరమీదైనా రెండింటినీ ఒకే కొలతలో చూపడం అసాధ్యం, బొమ్మలో కేంద్రకాన్ని పెద్దది చేసి చూపక తప్పదు. ఆ రోజు ప్యానెల్ ఆపేసి, ఒక సెంటీమీటరు గోలీని బడి ఆవరణ నడుమ పెట్టించి, ఇది కేంద్రకమైతే పరమాణువు అంచు ఎక్కడుంటుందో లెక్క కట్టమన్నాను. అర కిలోమీటరు అవతల, బస్సు ఆగే చోటు కూడా దాటి ఉంటుందని తేలేసరికి పిల్లలంతా రోడ్డు వైపు చూశారు. పరమాణువులో ఎక్కువ భాగం ఖాళీయే అన్న వాక్యాన్ని ఆ తర్వాత నేను మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

నాకు ఈ పనిలో మెళకువ నేర్పింది మా మెంటర్ మేడం. ‘‘అమ్మా, ముందు పిల్లల చేత చెప్పించు, తర్వాత బొమ్మ నొక్కు’’ అనేవారు. ఆమె పద్ధతి ప్రకారం కణం బయలుదేరగానే పాజ్ నొక్కి, అది ఎటు పోతుందో ప్రతి ఒక్కరూ నోటుపుస్తకంలో గీత గీసి చూపాలి. ఆ తర్వాతే బొమ్మ కదులుతుంది. తాము గీసిన గీత తప్పినప్పుడు పిల్లలు పడే తపన, ఊరికే వీడియో చూసినప్పుడు వారిలో కనిపించదు. ఎంత బాగా తీసిన వీడియో అయినా, ఆపకుండా చివరిదాకా వేస్తే తరగతి నిశ్శబ్దంగా ఉంటుంది. కానీ చూసినదాంట్లో ఏం అర్థమైందని అడిగితే జవాబు రాదు. కొత్తగా వెళ్లేవారు ఆ నిశ్శబ్దాన్ని శ్రద్ధ అనుకోవద్దని మనవి.

పదో తరగతి విద్యుత్తు పాఠంలో నా తీర్పు ఇంకొంచెం కఠినం. ఫెట్‌లో వలయం కట్టడం తేలిక, తీగ ఊడదు, సెల్ నీరసించదు, స్విచ్ మొరాయించదు. అసలు వలయంలో ఇవన్నీ జరుగుతాయి, అవి జరిగినప్పుడే పిల్లలు లోపం ఎక్కడుందో వెతకడం నేర్చుకుంటారు. అమ్మీటరును శ్రేణిలో, ఓల్టుమీటరును సమాంతరంగా కలపాలని కంఠతా చెప్పే పిల్లలే, చేతికి తీగలిస్తే మొదట తడబడతారు. అందుకని సెల్, బల్బు, నిరోధం బల్లమీద పెట్టి, ఓల్టేజి, విద్యుత్ ప్రవాహాల రీడింగులు తీయించి, గ్రాఫు గీయించాక మాత్రమే ప్యానెల్ వేస్తాను. అప్పుడు సిమ్యులేషన్ కొత్త ప్రశ్నకు చోటిస్తుంది. తీగలో ఎలక్ట్రాన్లు మెల్లగా కదులుతుంటే స్విచ్ వేసిన వెంటనే బల్బు ఎలా వెలుగుతోంది? ఎలక్ట్రాన్ల డ్రిఫ్ట్ వేగం, అంటే తీగ వెంట అవి సగటున ముందుకు సాగే వేగం, సెకనుకు మిల్లీమీటరు స్థాయిలోనే ఉంటుందని పాఠ్యపుస్తకమే చెబుతుంది. తీగ పొడవునా ఎలక్ట్రాన్లు ముందే నిండి ఉన్నాయని, అన్నీ ఒకేసారి కదలడం మొదలుపెడతాయని పిల్లలు తెరను చూస్తూ వాదించుకుని తేల్చుకున్న రోజు నాకు ఎంతో తృప్తి కలిగింది.

ఇక పరికరం సంగతి. మేం వాడేది ఇన్‌ఫ్రారెడ్ స్పర్శ పద్ధతిలో పనిచేసే ప్యానెల్. తెర చుట్టూ ఉన్న చట్రంలో నుంచి కంటికి కనిపించని కిరణాలు అడ్డంగా, నిలువుగా పోతుంటాయి, వేలు వాటిని అడ్డుకున్న చోటును బట్టి స్పర్శ గుర్తిస్తుంది. అందువల్ల చట్రం అంచున దుమ్ము పేరుకుంటే ఎవరూ తాకకుండానే గీతలు పడతాయి, రాస్తున్న అక్షరం మధ్యలో తెగిపోతుంది. మా ప్రాంతంలో గ్రానైట్ లారీలు తిరిగే రోడ్డు పక్కన కిటికీలుంటే ఈ బాధ ఎక్కువ, పక్కనే సుద్దముక్కతో రాసే బోర్డు ఉంటే సుద్దపొడి దానికి తోడవుతుంది. వారానికోసారి ప్యానెల్ ఆపి, నీళ్లు చల్లకుండా, మెత్తని పొడిగుడ్డతో చట్రం లోపలి అంచు తుడవడం అలవాటు చేసుకున్నాక మా తరగతిలో ఈ సమస్య చాలావరకు తగ్గింది. మధ్యాహ్నం పడమటి కిటికీ నుంచి ఎండ నేరుగా తెరమీద పడినా స్పర్శ దారితప్పుతుంది, పక్క బెంచీల వారికి మెరుపు తప్ప బొమ్మ కనిపించదు. కిటికీకి ముదురు రంగు గుడ్డ కట్టడం దీనికి చాలు. అక్షరాల పరిమాణం విషయంలో నేను పాటించే పద్ధతి ఒకటే: పిల్లలు రాకముందు చివరి బెంచీలో కూర్చుని చదవగలిగితేనే ఆ స్లైడు ఉంచుతాను.

ఇంటర్నెట్‌ను, కరెంటును నమ్ముకుని పాఠం తయారు చేయవద్దు. ఫెట్ సిమ్యులేషన్లను ముందుగా డౌన్‌లోడ్ చేసుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే నెట్ లేకుండానే బ్రౌజరులో తెరుచుకుంటాయి. దీక్షలో కూడా పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ఇంటిదగ్గరే స్కాన్ చేసి, అవసరమైనవి ఫోనులో దించుకోవచ్చు. 2017 ఉపాధ్యాయ దినోత్సవం నాడు అప్పటి ఉపరాష్ట్రపతి, మన పొరుగున ఉన్న నెల్లూరు జిల్లావారైన వెంకయ్యనాయుడు గారు ప్రారంభించిన ఈ వేదిక ఉపాధ్యాయుల కోసమే రూపుదిద్దుకున్నదని చాలామంది ఛాత్రోపాధ్యాయులు గమనించరు. పిల్లలకు చూపే వీడియోల కోసమే దాన్ని తెరుస్తారు. నాకైతే పాఠానికి ముందు నన్ను నేను సిద్ధం చేసుకోవడానికే అది ఎక్కువ ఉపయోగపడింది.

భాష గురించి ఒక మాట చెప్పాలి. మన ఆంధ్రప్రదేశ్‌లో పాఠ్యపుస్తకాలు ఒక పక్క ఇంగ్లీషు, ఎదురుగా తెలుగుతో ద్విభాషా రూపంలో ఉన్నాయి. ఇంటర్నెట్‌లో దొరికే మంచి వీడియోల్లో ఎక్కువ భాగం వ్యాఖ్యానం ఇంగ్లీషులోనే, అదీ వేగంగా సాగుతుంది. నేను శబ్దం పూర్తిగా తీసేసి, బొమ్మ కదులుతుండగా తెలుగులో నేనే చెబుతాను, సాంకేతిక పదాన్ని రెండు భాషల్లోనూ తెరమీద రాస్తాను. పిల్లలకు తెలిసిన గొంతుతో, వాళ్ల ముఖాలు చూస్తూ చెప్పే మాటకు ఉండే బలం రికార్డు చేసిన గొంతుకు ఉండదు.

విషయ జ్ఞానం, బోధన జ్ఞానం, సాంకేతిక జ్ఞానం మూడూ కలిసిన చోటే మంచి బోధన ఉంటుందని పుణ్య మిశ్రా, మాథ్యూ కోలర్‌లు 2006లో వివరించిన సిద్ధాంత నమూనాను బీఎడ్‌లో ఐసీటీ (సమాచార, ప్రసార సాంకేతికత) కింద పరీక్ష కోసం చదువుతాం. రెండేళ్ల కోర్సులో ఐసీటీకి చోటున్నా, ప్యానెల్‌ను మొదటిసారి తాకేది ఇంటర్న్‌షిప్‌లో, పిల్లల ఎదుటే అయ్యే ఛాత్రోపాధ్యాయులు నాకు చాలామంది తెలుసు. ఆ తరగతుల్లో మొదటి కొన్ని వారాలు వారి ధ్యాసంతా మీటల మీదే ఉంటుంది, పిల్లల సందేహాలు వినే తీరిక ఉండదు. సూక్ష్మబోధన, అంటే చిన్న పాఠంతో బోధన అభ్యాసం, జరిగే గదిలోనే ఒక ప్యానెల్ ఉండాలి. పాఠ్యపథకంలో ‘ఇక్కడ ఆపి ఏం అడుగుతాను’ అన్న గడి ఒకటి తప్పనిసరిగా చేర్చాలి. ఆఖరి పాఠానికి మార్కులు వేసే పరిశీలకులు ఎన్ని స్లైడ్లు చూపారో కాకుండా ఆ గడిలో ఏం రాశారో, పిల్లలు దానికి ఏం జవాబిచ్చారో చూడాలి.