ఈకల కర్ర: ఏళ్ల తరబడి రెండు పిల్లులతో ఆడించాక నా మాట

పిల్లికి ఒక్క ఆటవస్తువే కొనాలంటే ఏది కొనాలని ఎవరడిగినా నేను ఈకల కర్రే చెబుతాను. సన్నటి పొడుగాటి పుల్ల, దాని కొసకు దారం, దారం చివర ఈకల కుచ్చు, అంతే. మా చిట్టి అరచేతిలో పట్టేంత పిల్లగా ఉన్నప్పుడు తెచ్చాం. ఇప్పుడది నడివయసుకొచ్చింది, దాని తర్వాత వచ్చిన గుండుగాడూ పెద్దవాడయ్యాడు. ఈలోగా బంతులు, కీ ఇస్తే పరిగెత్తే ఎలుకలు, బ్యాటరీ చేపలు చాలానే వచ్చి సోఫా కిందికి చేరాయి. రోజూ మా చేతికొచ్చేది మాత్రం ఈ కర్రే.

పిల్లికి ఆటంటే వేటే. పొంచి చూడాలి, నేలకు కరుచుకుని పాకాలి, తరమాలి, దూకాలి, పట్టుకుని కొరకాలి. బంతిని నాలుగుసార్లు తంతే దాని పని అయిపోతుంది. దారం చివర ఈక మాత్రం మనం ఆడించినంతసేపూ ప్రాణమున్నట్టే ఉంటుంది. పైగా పళ్లూ గోళ్లూ మన చేతికి దూరంగా ఉంటాయి. పిల్లప్పుడు వేళ్లతో ఆడించిన పిల్లి పెద్దయ్యాక కూడా చేతినే కొరుకుతుంది, అప్పుడా కాటు చిన్నగా ఉండదు.

అయితే కర్రను ఆడించే తీరులోనే అంతా ఉంది. చాలామంది ఈకను తెచ్చి పిల్లి ముఖం మీద ఊపుతారు, పిల్లి వెనక్కి జరిగితే దీనికి ఆట ఇష్టం లేదంటారు. ఏ ఎలుకా తనంతట తాను పిల్లి నోటి దగ్గరికి రాదు కదా! ముక్కుకు మరీ దగ్గరగా ఉన్నది పిల్లి కంటికి స్పష్టంగా ఆనదు కూడా, అక్కడ దానికి మీసాలే ఆధారం. ఈకను దూరంగా లాగండి. తలుపు చాటుకు పోనివ్వండి, దుప్పటి అంచు కింద మెల్లగా కదపండి, ఉన్నట్టుండి ఆపేయండి. చిట్టి ఒక్కోసారి కదలకుండా చాలాసేపు చూస్తూనే ఉంటుంది. అది విసుగు కాదు, ఆటలో సగం అదే. కనుపాపలు పెద్దవై, నడుము కింది భాగం అటూ ఇటూ ఊగడం మొదలైందంటే దూకబోతోందన్నమాట. ఆ క్షణంలో తొందరపడి కర్ర లాగకండి. నాకు ఈ ఆటలో అన్నిటికంటే ఇష్టమైనది ఆ నిరీక్షణే.

గుండుగాడికి గాల్లో ఎగిరేది పట్టదు. వాడికి ఈకలు తీసేసి గుడ్డపేలిక కట్టి, నేల మీద పాములా లాగాలి. అందుకే కొక్కెం ఉండి, చివరిది మార్చుకునే వీలున్న రకమే కొనమంటాను. క్యాట్‌నిప్ (పిల్లులకు మత్తెక్కించే పుదీనా జాతి ఆకు) కూరిన బొమ్మ తగిలిస్తే చిట్టి పొర్లి పొర్లి ఆడుతుంది, వాడు వాసన చూసి వెళ్లిపోతాడు. ఆ స్పందన పుట్టుకతో వచ్చేది, అన్ని పిల్లుల్లోనూ ఉండదు.

లేజర్ లైటు కూడా కొంతకాలం వాడి చూశాం. పరుగు బాగానే పెడతాయి కానీ కాలి కింద ఏమీ దొరకదు. లైటు ఆర్పాక కూడా చిట్టి గోడ దగ్గరే వెతుకుతూ ఉండేది. కంట్లో పడితే ప్రమాదం సరేసరి. ఈకల కర్రతో ఆ బాధ లేదు, మధ్యమధ్యలో పట్టుకోనివ్వొచ్చు, చివరిసారి తప్పకుండా పట్టుకోనివ్వాలి. వెంటనే తిండి పెడితే తిని, ఒళ్లు నాక్కుని పడుకుంటాయి. తెల్లవారుజామున, సాయంసంధ్యలో పిల్లులు సహజంగానే హుషారుగా ఉంటాయి, ఆ వేళల్లో పది నిమిషాలు చాలు. బయట తిరిగే పిల్లులున్నవారికి ఇంకో లాభం: ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వారు 2021లో ప్రచురించిన అధ్యయనంలో, రోజూ 5 నుంచి 10 నిమిషాలు ఆడించిన పిల్లులు ఇంటికి పట్టుకొచ్చే జీవుల సంఖ్య 25 శాతం తగ్గింది.

లోపాలూ ఉన్నాయి. ఈకలు త్వరగా ఊడిపోతాయి, జిగురుతో అంటించినవైతే మరీను. గంటలూ పూసలూ ఉంటే ముందే పీకేయడం మేలు, ఊడి నోట్లోకి పోతాయి. అసలు భయం దారంతోనే. పిల్లి నాలుక మీది ముళ్లు గొంతు వైపుకి వంగి ఉంటాయి, నోట్లోకెళ్లిన దారాన్ని ఉమ్మడం దానికి కష్టం. మింగితే అది పేగుల్ని ముడతలుగా దగ్గరకు లాగేసి ఆపరేషన్ దాకా తీసుకెళ్లగలదు. నోటి నుంచి గానీ వెనక నుంచి గానీ దారం కనిపిస్తే లాగకండి, నేరుగా పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి. మా ఇంట్లో ఆట అయిన వెంటనే కర్ర బీరువాలోకి పోతుంది. రోజంతా కళ్లెదుట పడి ఉంటే దాని మీద మోజు పోతుంది కాబట్టి, ఆ రకంగానూ దాచడమే మంచిది.

పిల్లి ఒంటరిగా ఉన్నప్పుడు ఇది పనికిరాదు. అప్పటికి దారం లేని బంతులు, ఖాళీ అట్టపెట్టెలు ఉంచండి. రోజూ కాసేపు కూర్చుని ఆడించే తీరిక ఉన్నవారు మాత్రం కళ్లు మూసుకుని కొనొచ్చు.