నవ్వించే సినిమా స్టేజీ ఎక్కితే: ‘ది ప్రొడ్యూసర్స్’ మ్యూజికల్ రివ్యూ

‘ది ప్రొడ్యూసర్స్’ అనే పేరుతో మూడు దొరుకుతాయి. 1967లో మెల్ బ్రూక్స్ రాసి తీసిన సినిమా ఒకటి. 2001లో బ్రాడ్‌వే (న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలలున్న చోటు) ఎక్కిన మ్యూజికల్, అంటే పాటల నాటకం, రెండోది. అందులో నటించినవాళ్ళ గొంతులతో వచ్చిన ఆల్బమ్ ఇప్పటికీ దొరుకుతుంది. ఆ మ్యూజికల్‌నే మళ్ళీ సినిమాగా తీసిన 2005 నాటిది మూడోది. డబ్బూ టైమూ చూసుకుని ఖర్చుపెట్టేవాళ్ళకి సలహా ఇదీ: మొదటిది చూడండి, రెండోది వినండి, మూడోది కొనకండి, అద్దెకి తీసుకుంటే చాలు. అందరూ మెచ్చిన కామెడీని పాటల నాటకంగా మార్చేటప్పుడు ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అని ఆలోచించేవాళ్ళు మాత్రం మూడూ వరసగా చూడాల్సిందే.

కథ రెండు ముక్కల్లో. మాక్స్ బియాలిస్టాక్ వరస ఫ్లాపుల నిర్మాత. డబ్బున్న ముసలమ్మలకి మాయమాటలు చెప్పి చెక్కులు రాయించుకుని నాటకాలు వేస్తుంటాడు. ఖాతాలు చూడ్డానికి వచ్చిన లియో బ్లూమ్ అనే పిరికి గుమాస్తాకి 2,000 డాలర్ల తేడా కనబడుతుంది. నాటకం ఫ్లాపైతే పెట్టుబడి పెట్టినవాళ్ళు ఎలాగూ ఏమీ రాదనుకుంటారు, లెక్క అడిగేవాడు ఉండడు. కాబట్టి అవసరానికి మించి డబ్బు వసూలు చేసి, కచ్చితంగా ఫ్లాపయ్యే నాటకం వేస్తే మిగిలింది జేబులో వేసుకోవచ్చు అని అతని నోటినుంచే జారుతుంది. ఇద్దరూ కలిసి నాటకంలో 25,000 శాతం వాటాలు అమ్ముతారు. ఒక మాజీ నాజీ రాసిన, హిట్లర్‌ని పొగిడే నాటకాన్ని ఏరి తెచ్చి, అందరికంటే చేతకాని దర్శకుడికి అప్పగిస్తారు. అది కాస్తా హిట్టై కూచుంటుంది.

ఈ కామెడీ అంతా ఆ లెక్క మీదే నిలబడింది. హిట్టైతే ఎందుకు మునుగుతారో ప్రేక్షకుడికి మొదటి అరగంటలోనే అర్థం కావాలి: నూరు శాతానికి మించి అమ్మినప్పుడు, లాభం రూపాయి వస్తే పంచాల్సింది రెండొందల యాభై. ఇది తలకెక్కకపోతే రెండో అంకంలో నవ్వు రాదు. అందుకే మ్యూజికల్ రాసిన బ్రూక్స్, థామస్ మీహన్ ఆ వివరణని పాటలో పెట్టలేదు, మాటల్లోనే ఉంచారు. వివరణ పూర్తై, మాక్స్ కళ్ళు మెరిశాకే బ్యాండు అందుకుంటుంది. కామెడీకి పాటలు రాసేవాళ్ళు చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ప్రాసల హోరులో అసలు సమాచారం కొట్టుకుపోతుంది.

మన పద్యనాటకంలో రాయబారం సీన్లో కృష్ణుడు పద్యం అందుకుంటే, రాగం పూర్తయ్యేదాకా కౌరవ సభంతా ఆగుతుంది. వన్స్ మోర్ పడితే ఇంకోసారి ఆగుతుంది. కథ అందరికీ తెలిసిందే, వచ్చింది గొంతు వినడానికి, కాబట్టి అక్కడ అది చెల్లుతుంది. ప్లాటు మీద నడిచే ప్రహసనంలో అలా ఆగితే నవ్వు చల్లారుతుంది. పాట మొదలైనప్పుడు ఉన్న పరిస్థితి పాట అయ్యేసరికి మారిపోయి ఉండాలి. ఈ మ్యూజికల్లో బాగున్న పాటలన్నీ ఆ పని చేస్తాయి, బాగోనివి చెయ్యవు.

ఉదాహరణకి లియో ఒప్పుకునే ఘట్టం. సినిమాలో అది న్యూయార్క్ లింకన్ సెంటర్ ముందున్న ఫౌంటెన్ దగ్గర జరుగుతుంది. లియో ‘సరే, చేస్తాను’ అని అరవగానే వెనక నీళ్ళు ఒక్కసారిగా ఆకాశానికి లేస్తాయి. లియో వేషం వేసిన జీన్ వైల్డర్ గుండెలోని సంతోషాన్ని ఆ నీళ్ళు చూపిస్తాయి. స్టేజీ మీద ఆ షాట్ కుదరదు. చిన్న ఫౌంటెన్ పెట్టినా ఆ ఊపు రాదు. అందుకని మ్యూజికల్లో లియో ముందు కుదరదంటాడు, తిరిగి ఆఫీసుకి పోతాడు. అక్కడ వరసగా కూచున్న గుమాస్తాలు లెక్కల మిషన్లు నొక్కుతూ ఏడుపు రాగం తీస్తుంటారు. ఆ రాగంలోంచే లియో కల మొదలై, ఫైళ్ళ బీరువాల్లోంచి డాన్సర్ అమ్మాయిలు బయటికొస్తారు. పాట ముగిసేసరికి ఉద్యోగం వదిలేస్తాడు. ఫౌంటెన్ క్షణంలో చేసిన పనికి ఇక్కడ ఒక పూర్తి పాట పట్టింది కానీ, ఫలితం అదే, పైగా మనిషి ఎందుకు మారాడో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. నా దృష్టిలో మొత్తం ప్రదర్శనలో అన్నిటికంటే తెలివైన మార్పు ఇదే.

రెండో పెద్ద మార్పు హిట్లర్ వేషగాడు. సినిమాలో ఆ వేషం డిక్ షాన్ వేసిన హిప్పీ పాత్రది. 1967లో హిప్పీ అంటే తాజా నవ్వు, 2001కి పాత సరుకు. మ్యూజికల్ కథని 1959కి జరిపి ఆ పాత్రనే ఎత్తేశారు. మరి ఆ ఖాళీ ఎవరు నింపాలి? ఇంగ్లీషు నాటకాలవాళ్ళలో ఒక నమ్మకం ఉంది: మొదటి ప్రదర్శన రోజు శుభాకాంక్షలు చెబితే అశుభం, ‘కాలు విరగ్గొట్టుకో’ అంటే శుభం. ఆ నమ్మకం మీదే ఒక పాట కట్టారు. అది విన్న మాక్స్ నాటకం పాడవ్వాలని పనిగట్టుకుని అందరికీ శుభాకాంక్షలు చెప్పుకుంటూ పోతాడు. హిట్లర్ వేషం వెయ్యాల్సిన నాటకకర్త ఫ్రాంజ్ లోపలికెళ్ళి నిజంగానే కాలు విరగ్గొట్టుకుంటాడు. పాత్ర మొత్తం తెలిసినవాడు దర్శకుడు రోజర్ ఒక్కడే, అతనే కిరీటం లేని మహారాణిలా స్టేజీ మీదికొస్తాడు. ఒకే పాట నమ్మకాన్ని చెప్పింది, ప్రమాదాన్ని తెచ్చింది, నాటకం ఎందుకు హిట్టవుతుందో దానికీ దారి వేసింది.

ఇక అసలు హిట్లర్ నాటకం సీను. సినిమాలోని పాటల్లో మ్యూజికల్లోకి దిగినవి ఈ నాటకం టైటిల్ పాట, చివర జైలు పాట. సినిమాలో డాన్సర్లు స్వస్తిక ఆకారంలో తిరగడాన్ని కెమెరా పైనుంచి చూపిస్తుంది. హాల్లో కూచున్నవాడికి పైనుంచి చూసే వీలెక్కడిది? దర్శకత్వం, నృత్యం చేసిన సుజాన్ స్ట్రోమన్, సెట్ వేసిన రాబిన్ వాగ్నర్ వెనక ఒక పెద్ద అద్దాన్ని ముందుకి వంచి పెట్టారు. నేల మీద తిరిగే ఆకారం అద్దంలో ప్రేక్షకుడికి ఎదురుగా కనబడుతుంది. డాన్సర్లకి బొమ్మ సైనికులని తగిలించి కొద్దిమందినే పటాలంగా చేశారు. విలియం ఐవీ లాంగ్ దుస్తుల్లో అమ్మాయిల తలల మీద నిలువెత్తు సాసేజ్ (మాంసపు చుట్ట), ప్రెట్జెల్ (మెలితిప్పిన జర్మన్ రొట్టె) ఊగుతుంటాయి. ఏ ఊళ్ళో ఈ ప్రదర్శన పడినా, ఈ ఒక్క సీను కోసం మొదటి నాలుగైదు వరసలు వదిలేసి మధ్య వరసల్లోనో, బాల్కనీ మొదటి వరసలోనో కూచోండి. మరీ ముందు కూచుంటే నిలబడ్డ డాన్సర్లు అద్దంలో కింది భాగాన్ని కప్పేస్తారు.

కాలేజీల్లో, సంఘాల్లో దీన్ని వెయ్యాలనుకునేవాళ్ళకి హక్కులు మ్యూజిక్ థియేటర్ ఇంటర్నేషనల్ దగ్గర ఉన్నాయి. అనుమతి చేతికొచ్చేదాకా పోస్టర్ వెయ్యొద్దు. పని విషయానికొస్తే, గాజు అద్దం బరువు, ప్రమాదం. ఫ్రేముకి బిగించిన అద్దపు ఫిల్మ్ వాడాలి. అది ఏ మూల వదులైనా ముడత పడి బొమ్మ అలలాగా వంకర పోతుంది, కాబట్టి ప్రతి షోకి ముందు బిగువు చూసుకోవాలి. మొదటి అంకం చివర ముసలమ్మలు వాకర్లతో చేసే డాన్సుకి మడత వాకర్లు వాడితే మడత తాళం గెంతులకి ఊడొచ్చు, దాన్ని గట్టిగా బిగించెయ్యండి. కాళ్ళ రబ్బరు తొడుగులు తీస్తే టకటక బాగా వినిపిస్తుంది గానీ నేల జారుతుంది. తొడుగులు ఉంచి చప్పుడు బూట్లకి వదిలెయ్యడం క్షేమం. బీరువాల్లోంచి అమ్మాయిలు రావాలంటే బీరువాకి వెనక పలక ఉండకూడదు, వెనక తెరలో దానికి సరిగ్గా ఎదురుగా కంత ఉండాలి.

నాజీ గుర్తుల విషయం కూడా ముందే తేల్చుకోవాలి. 2009లో బెర్లిన్ అడ్మిరల్స్‌పలాస్ట్‌లో ఇది ఆడినప్పుడు, అక్కడ ఆ గుర్తు బయట వేలాడదీయడం కుదరదు కాబట్టి జెండాల మీద స్వస్తిక బదులు ప్రెట్జెల్ బొమ్మ వేశారు. హాలు బయట కట్టే బ్యానర్లకి మనవాళ్ళూ అదే దారి పట్టడం మంచిది. సందర్భం తెలియకుండా రోడ్డు మీద వెళ్ళేవాడికి అది నవ్వులా కనబడదు.

లోపాలూ ఉన్నాయి. సినిమా 88 నిమిషాలు, మ్యూజికల్ విరామంతో కలిపి రెండున్నర గంటలు దాటుతుంది. హిట్లర్ నాటకం అయ్యాక అసలు వేడి దిగిపోతుంది. కోర్టులో మాక్స్, లియో స్నేహం గురించి పాడే పాట మెత్తగా ఉంటుంది గానీ అక్కడ మారేది ఏమీ లేదు. సినిమాలో నామమాత్రంగా ఉన్న స్వీడిష్ సెక్రటరీ ఉల్లాకి ఇక్కడ పాటలిచ్చారు, లియోతో ప్రేమ కలిపారు. పాత్ర పెద్దదైంది, జోకులు మాత్రం ఆమె ఒంటి చుట్టూనే తిరుగుతాయి. రోజర్ ఇంట్లో సీన్లో స్వలింగ సంపర్కుల మీద వేసిన చతుర్లు ఇవాళ వింటే మనసుకి ఇబ్బందిగానే ఉంటుంది. ఈ సాగదీత మధ్యలో జైల్లో మాక్స్ ఒంటరిగా పాడే పాట ఒక్కటి మాత్రం మెరుపు: అప్పటిదాకా జరిగిన కథంతా కొన్ని నిమిషాల్లో ఊపిరాడకుండా మళ్ళీ అప్పజెబుతాడు, మధ్యలో విరామం వచ్చిందంటూ కాసేపు ఊరుకుంటాడు కూడా.

ఆ పాటే ఈ నాటకం బలహీనత ఎక్కడుందో కూడా చెబుతుంది. అది బ్రాడ్‌వేలో మాక్స్ వేషం వేసిన నేథన్ లేన్ కొలతలకి కుట్టిన చొక్కా. లేన్, లియో వేసిన మాథ్యూ బ్రాడరిక్ జంట ఉన్నప్పుడు బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డులు 12 వచ్చాయి, 2001 అక్టోబరులో మంచి సీట్లు 480 డాలర్లకి అమ్మారు. 2002 మార్చిలో వాళ్ళిద్దరూ తప్పుకోగానే అమ్మకాలు తగ్గాయి. లేన్ స్థానంలో వచ్చిన నటుణ్ణి నెల తిరక్కుండానే మార్చారు. మొత్తం 2,502 ప్రదర్శనలు పడి 2007లో ఆగిందంటే చిన్న సంగతి కాదు. అయినా టికెట్ కొనేముందు మాక్స్ వేషం ఎవరిదో కనుక్కోండి. మాక్స్ బాగోకపోతే సెట్లూ డాన్సులూ ఆ రాత్రిని కాపాడలేవు.

2005 సినిమా ఎందుకు తేలిపోయిందో ఆల్బమ్ వింటే తెలుస్తుంది. దర్శకురాలు స్ట్రోమనే, జంటా అదే. చివరి వరసదాకా వినబడేలా, కనబడేలా కొలిచిన నటనని కెమెరా ముక్కు దగ్గర పెట్టి తీశారు. లియో జేబులోంచి నీలం గుడ్డముక్క తీసి చెంపకి రుద్దుకునే సీను మూడింటిలోనూ ఉంది. 1967లో వైల్డర్ కళ్ళు చాలు. స్టేజీ మీద అరచేతి గుడ్డ బాల్కనీకి కనబడదు, అందుకే గొంతూ ఒళ్ళూ కలిపి గోల చెయ్యాలి. ఆ గోలనే క్లోజప్‌లో చూస్తే అరుపులా ఉంటుంది. జంధ్యాల ‘అహ నా పెళ్ళంట’లో కోట శ్రీనివాసరావు కోడిని వేలాడదీసి దాన్ని చూస్తూ అన్నం తినే సీనుకి ఈ బాధ లేదు. వస్తువు, మనిషి, మధ్యలో దూరం: హాల్లో ఎక్కడ కూచున్నా కనబడతాయి.

డీవీడీ దొరికితే, కత్తిరించిన సీన్లలో మాక్స్ తన పాత వైభవాన్ని తలుచుకునే పాట ఉంది, దాన్ని ముందు చూసి తర్వాత సినిమా పెట్టండి. ఆ పాట తీసెయ్యడంవల్ల మాక్స్ ఒకప్పుడు పేరున్నవాడన్న సంగతే సినిమాలో గట్టిగా నాటుకోదు.