పది నిమిషాలకోసారి ఆగిపోయిన నా చెట్లు కోసే మిషన్

నాలుగేళ్లుగా వాడుతున్న ఈ మిషన్ మీద నాకున్నది ఒకటే కోపం. పెట్రోల్ ట్యాంకులోకి గాలి పోవడానికి పెట్టిన వెంట్. చిటికెన వేలి గోరంత ఉంటుంది. దానివల్ల ఒక ఎండాకాలమంతా టెన్షన్ పడ్డాను, అవసరం లేని కార్బొరేటర్‌కు డబ్బులు పోశాను.

మాది నర్సంపేట దగ్గర ఊరు. నాలుగెకరాల మామిడి తోట, గట్ల మీద వేపలు, తుమ్మలు. కొన్న కొత్తలో అడిగినవాళ్లందరికీ ఇదే తీసుకోమని చెప్పాను. కోత బలం విషయంలో ఇప్పటికీ అదే మాట, కాకపోతే చైన్ పదునున్నంత సేపే. పెచ్చులు రాలాల్సింది పోయి పిండిలా పొట్టు రాలుతుంటే ఆకురాయి పట్టాల్సిందే. ఒక్క గుంజుకే స్టార్టవుతుందని కూడా అప్పట్లో చెప్పాను. అది ఇంజన్ వేడెక్కాక మాట. పొద్దున్నే అయితే నాలుగైదు సార్లు గుంజాలి.

రెండేళ్ల కింద గాలిదుమారానికి పెద్ద మామిడి కొమ్మ విరిగి బావి దారికి అడ్డం పడింది. మిషన్ బాగానే స్టార్టయింది. పది నిమిషాలకు సౌండ్ ఒక్కసారిగా సన్నగా పెరిగి, ఆగిపోయింది. ఎంత గుంజినా లేవలేదు. అరగంట నీడలో పెడితే మళ్లీ లేచింది, మళ్లీ పది నిమిషాలే. రెండు గంటల పని రెండు రోజులు పట్టింది.

ప్లగ్ విప్పి చూస్తే పొడిగా ఉంది. పెట్రోల్ అందడం లేదని అదే చెబుతోంది, నాకు అప్పుడు తట్టలేదు. ఎయిర్ ఫిల్టర్ కడిగాను. ట్యాంకులోని ఫిల్టర్‌ను తీగతో బయటికి లాగి కొత్తది వేశాను. పాత పెట్రోల్ పారబోసి, లీటరుకు 40 ఎంఎల్ టూటీ ఆయిల్ లెక్కన కొత్తగా కలిపాను. ఏమీ మారలేదు. వరంగల్ తీసుకుపోతే మెకానిక్ కార్బొరేటరే మార్చాడు. షాపులో చక్కగా నడిచింది. తోటలో ట్యాంకు నింపి మొదలుపెడితే మళ్లీ అదే కథ.

చివరికి మా ఊళ్లో మందు కొట్టే తైవాన్ పంపులు బాగుచేసే అన్న ఒక్క ప్రశ్న అడిగాడు. "ఆగినంక మూత ఇప్పితే సుయ్యుమని గాలి లోపలికి గుంజుతుందా తమ్మీ?" మిషన్ ఆగాక, చల్లారనిచ్చి మూత విప్పాను. గుంజింది! మూత బిగించి తాడు లాగితే రెండో గుంజుకే లేచింది.

పెట్రోల్ తగ్గుతున్న కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. వెంట్ మూసుకుపోతే రాదు, ట్యాంకు లోపలే పీల్చి పట్టుకుంటుంది, కార్బొరేటర్‌కు పెట్రోల్ అందదు. షాపులో ఎందుకు నడిచిందో కూడా అప్పుడే అర్థమైంది. ఆ రోజు ట్యాంకులో అడుగున కొంచెమే పెట్రోల్ ఉంది. లోపల గాలి ఎక్కువుంటే జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది, నిండా ఉంటే తొందరగా.

చైన్ ఆయిల్, పొట్టు కలిసి ముద్దయి వెంట్‌లో పేరుకుపోయాయి. కడిగి ఊదితే రెండు రోజులు నడిచి మళ్లీ మొరాయించింది. కొత్తది వేశాకే కుదుటపడింది. మూతకే చిన్న బెజ్జం కొట్టుకోమని ఒకాయన సలహా ఇచ్చాడు. ఆ పని మాత్రం చేయకండి. మిషన్ పక్కకు వంచగానే పెట్రోల్ కారుతుంది, పక్కనే కాలుతున్న సైలెన్సర్.

నా అసలు భయం పిస్టన్ గురించి. ఈ ఇంజన్‌కు ఆయిల్ కూడా పెట్రోల్‌తోనే అందాలి కదా, ఆ సన్నటి సౌండ్‌తో ఎన్నిసార్లు ఎండిపోయి తిరిగిందో. సైలెన్సర్ విప్పి టార్చ్ వేసి చూశాం. పిస్టన్ మీద గీతలు లేవు. ఆ రోజు రాత్రే నాకు మంచిగా నిద్రపట్టింది.

రెండు ఎండాకాలాలుగా ఆగడం లేదు. నాకు ఏడాదికి పదిహేను, ఇరవై రోజులకు మించి పని ఉండదు, కాబట్టి నాకు ఇది సరిపోయింది. రోజూ తుమ్మ మొద్దులు కోసి బతికేవాళ్లకు సరిపోతుందని నేను చెప్పలేను. కొనేవాళ్లు మాత్రం షాపులోనే వెంట్ ఎక్కడుందో విప్పి చూపించమనండి, అది విడిగా దొరుకుతుందో లేదో అడగండి. నూరు రూపాయలు కూడా లేని ఆ ముక్క కోసం నేను వరంగల్‌లో నాలుగు షాపులు తిరిగాను.