అమీర్‌పేటలో నర్సుల ఓఈటీ కోచింగ్: నా అనుభవం (5కి 4)

నేను ఐసీయూ స్టాఫ్ నర్సుని. విదేశాల్లో పనిచేయాలనుకునే నర్సులు, డాక్టర్లు రాసే ఇంగ్లీషు పరీక్ష ఓఈటీ. అది మొదటిసారి రాసినప్పుడు రైటింగ్‌లో 330 దగ్గర ఆగిపోయాను. బీ గ్రేడ్‌కి 350 కావాలి. దాంతో మైత్రీవనం వెనక సందులో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఆదివారం బ్యాచ్‌లో చేరాను. ఎనిమిది వారాలు, ఫీజు 6,000.

రైటింగ్‌లో పేషంట్ గురించి ఒక లెటర్ రాయాలి. మొదటి క్లాసులోనే మేడం నా లెటర్‌లో రెండు చోట్ల సున్నా చుట్టారు. "హిజ్ టెంపరేచర్ రెయిజ్డ్ టు 39" అని ఒకచోట, "ప్లీజ్ రిమెంబర్ హిమ్ టు టేక్ హిజ్ టాబ్లెట్స్" అని ఇంకోచోట రాశాను. "జ్వరం పెరిగింది అంటావా, పెంచింది అంటావా అమ్మా?" అని అడిగారు. అంతే, నాకు వెలిగింది. తనంతట పెరిగితే రైజ్, మనం మంచం తలవైపు పైకెత్తితే రెయిజ్. గుర్తుపెట్టుకుంటే రిమెంబర్, గుర్తుచేస్తే రిమైండ్. పేషంట్ పడుకుంటే లై, మనం పడుకోబెడితే లెయ్. నిన్న పడుకున్నాడు అనాలంటే మాత్రం ఆ లై కూడా లెయ్ అయిపోతుంది, పడుకోబెట్టాను అంటే లెయిడ్. ఈ ఒక్కదాని మీదే అరగంట బోర్డు దగ్గర నిలబెట్టి వాక్యాలు రాయించారు. ఇన్నేళ్ళలో ఎవరూ నాకిలా తెలుగులోంచి చెప్పలేదు.

తెలుగు సాయం రాని చోటు కూడా దాచలేదు. మనకి అన్నీ "చూడటమే". గాయాన్ని పరీక్షగా చూస్తే లుక్ ఎట్, కంటపడితే సీ, రక్తం కారుతుందేమోనని కనిపెట్టుకుని కూర్చుంటే వాచ్. స్టెత్ పెట్టి వింటే లిజన్, పిల్లికూతలు వినపడితే హియర్.

లోపాలూ ఉన్నాయి. నలభై మందికి ఒక్కరే మేడం. దిద్దిన లెటర్ చేతికి రావడానికి రెండు వారాలు పట్టేది, అప్పటికి ఏం రాశానో నాకే గుర్తుండేది కాదు. రికార్డింగులకి వేరే 800 కట్టాలని చేరేటప్పుడు చెప్పలేదు. నైట్ డ్యూటీ చేసి వచ్చే నాలాంటివాళ్ళకి అవి తప్పనిసరి, ఫీజులోనే కలపాలి. స్పీకింగ్‌కి చివరి వారం తప్ప టైమివ్వలేదు.

మళ్ళీ రాస్తే రైటింగ్‌లో 370 వచ్చింది. లెటర్ దగ్గర చిక్కుకున్న నర్సులు ధైర్యంగా చేరండి. స్పీకింగ్ కోసమే అయితే వేరేచోట చూసుకోండి.