ఫైల్‌ఫిష్ కొనాలంటే: నారింజ చుక్కలదా, బ్రిసిల్‌టెయిలా?

గుంటూరు అరండల్‌పేటలో ఉండే మా బాబాయి కొడుకు మొన్న ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ఉప్పునీటి అక్వేరియంలోకి నారింజ చుక్కల ఫైల్‌ఫిష్ దొరుకుతోంది, తెచ్చేసుకోనా?" వద్దని గట్టిగానే చెప్పాను.

అది చూడగానే మనసు లాగేసే చేప. పచ్చగా మెరిసే ఒంటి మీద వరసలుగా నారింజ చుక్కలు, ముందుకు పొడుచుకొచ్చిన చిన్న మూతి. కానీ సముద్రంలో అది బతికేదే అక్రోపోరా అనే రకం రాతి పగడాల పాలిప్‌లు, అంటే పగడంలో ఉండే చిన్న చిన్న జీవులను కొరుక్కుని. ఆ పగడం వాసనే దాని ఒంటికీ పట్టి, వేటాడే చేపల నుంచి దాక్కోవడానికి పనికొస్తుందని పరిశోధకులు గమనించారు. అంతగా పగడంతో ముడిపడిన ప్రాణికి మనం వేసే ఫ్రోజెన్ మైసిస్ (రొయ్యల్లాంటి చిన్న జీవులు) తిండిలాగే కనపడదు. ఓపికగా అలవాటు చేసినవాళ్లు లేకపోలేదు. ఎక్కువసార్లు మాత్రం పొట్ట లోపలికి పోయి, నీరసించి చనిపోతుంది. పోనీ పగడాలే పెడదామా అంటే, రాతి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. మన సముద్రంలోంచి తీయడం నేరం. పైగా ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో ఈ చేప ముప్పున్న జాతి. దాన్ని ఇంటికి తెచ్చి ఆకలితో చంపడం నాకైతే తప్పనిపిస్తుంది.

మా విజయవాడ ఇంట్లో ఉన్నది బ్రిసిల్‌టెయిల్ ఫైల్‌ఫిష్. పది సెంటీమీటర్లకు అటూ ఇటూ పెరుగుతుంది. ఎండుటాకు రంగు, పక్కనున్న నాచును బట్టి పచ్చగానూ మారుతుంది. మగదానికి తోక మొదట్లో కుచ్చులా ముళ్లుంటాయి. మైసిస్, ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్యలు) రెండూ తింటుంది. మూతి చిన్నది, ఈత నిదానం, అందుకే తిండికి ఎగబడే చేపలతో కలపకండి. రోజుకు రెండు మూడుసార్లు కొంచెం కొంచెంగా వేయండి. రాత్రి నాచును నోటితో పట్టుకుని కదలకుండా ఉండిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు పోయిందేమోనని నాకు ఎంత టెన్షనో! వలతో మాత్రం పట్టొద్దు, వీపు మీది ముల్లు చిక్కుకుంటుంది. డబ్బాతో నీళ్లతో సహా తీయాలి.

చాలామంది దీన్ని కొనేది లైవ్ రాక్ (ట్యాంకులో పెట్టే, జీవులున్న సముద్రపు రాయి) మీద మొలిచే ఐప్టేసియా అనే పీడ సీ అనిమోన్‌ను తింటుందని. మాది తింది. ఈ జాతి చేపలన్నీ దాన్ని తినవు, కొన్ని చేపలు మెత్తటి పగడాలను కూడా కొరుకుతాయి. ఐప్టేసియా పోవడమే మీకు కావాలంటే పెప్పర్‌మింట్ రొయ్యలు చాలు. గూని వీపున్న క్యామెల్ రొయ్యను అదే అనుకుని తెచ్చుకోకండి, అది పగడాలను పాడు చేస్తుంది.

ఏ చేపైనా మన ఊళ్లలో అసలు పరీక్ష ఎండాకాలం. బయట 45 డిగ్రీలు దాటే రోజుల్లో ట్యాంకులో నీళ్లు 25, 26 దగ్గర ఉండాలి. నీళ్లు వేడెక్కే కొద్దీ ప్రాణవాయువు తగ్గుతుంది. ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు దిగొచ్చు గానీ మే నెలకు అది చాలదు. నీళ్లను చల్లబరిచే చిల్లర్ యంత్రం తప్పదు, కరెంటు పోతే నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు కూడా ఉండాలి. మంగినపూడి బీచ్ నుంచి క్యాన్లలో నీళ్లు తెచ్చుకుంటానన్నాడు మావాడు. ఒడ్డు నీళ్లలో బురద, వానాకాలం నదినీళ్లు కలిస్తే ఉప్పు కూడా తగ్గిపోతుంది. ఆర్వో నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల లెక్కన సముద్రపు ఉప్పు మిక్స్ కలుపుకోవడమే మేలు. ఆవిరైపోయిన మేరకు మాత్రం ఉప్పు కలపని ఆర్వో నీళ్లే పోయాలి.

కొనే ముందు షాపులో మీ కళ్లెదుటే మేత వేయమని అడగండి. తింటేనే తీసుకోండి.

మావాడు చిల్లర్ బిగించాడు. వారం నుంచి నీళ్లు 26 దగ్గర నిలబడ్డాయట. చేపను ఇంకా తేలేదు.