ఎండ నేలలో పసుపు పూలకు ఏది మేలు: తంగేడా, టెకోమానా, పచ్చగన్నేరా?

అనంతపురం, మహబూబ్‌నగర్ లాంటి మెట్ట ప్రాంతాల్లో ఏళ్ల తరబడి నిలిచి పసుపు పూలు పూసే పొదలంటే ముందు గుర్తొచ్చేవి ఈ మూడే. బోరు ఎండిపోయే చోట తంగేడు వేయండి. వారానికోసారైనా పైపు పట్టగలిగితే టెకోమా.

తంగేడు ఎర్రగరప నేలలో, రాళ్ల దిబ్బలో కూడా నిలదొక్కుకుంటుంది. మొదటి వేసవిలో వారానికో బిందె నీళ్లు పోస్తే చాలు, వేరు దిగాక వాన మీదే బతుకుతుంది. తిప్పలంతా మొలకెత్తించడంలోనే. గింజ పెంకు గట్టిది, ఊరికే నాటితే నెలల తరబడి కదలదు. నీళ్లు మరిగించి దించి, అందులో గింజలు వేసి రాత్రంతా వదిలేయండి. ఉబ్బినవాటిని తొలకరికి, మొక్క ఉండాల్సిన చోటే అర అంగుళం లోతున పెట్టండి. ఉబ్బనివాటిని గరుకు కాగితంతో రుద్ది మళ్లీ నానబెట్టొచ్చు. కవర్లో పెంచితే రెండు నెలల లోపే నాటేయాలి. ముదిరితే తల్లివేరు అడుగున చుట్టుకుపోతుంది, అలాంటి మొక్క ఎండకు ఆగదు. నర్సరీలో ఏపుగా ఉన్న పెద్ద మొక్కను చూసి మోజుపడొద్దనేది అందుకే. నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది, గట్టు మీద నాటండి. కంచెకైతే మూడడుగుల ఎడం. ఆకులు తినే ఆకుపచ్చ గొంగళ్లకు మందు కొట్టకండి. అవే లేత పసుపు సీతాకోకచిలుకలవుతాయి, పొద మళ్లీ చిగురిస్తుంది. ఇంట్లో బతుకమ్మ పేర్చేవాళ్లుంటే ఇక వేరే మాటే లేదు.

టెకోమా అమెరికా ఖండాల నుంచి వచ్చింది. గుత్తులుగా గంటల్లాంటి పూలు, నిండుదనంలో తంగేడును మించుతుంది. కొమ్మ కత్తిరించి పెట్టినా వేరు పడుతుంది. ఒకటిన్నర అడుగుల గుంత తీసి, రెండు తట్టల చివికిన పశువుల ఎరువు కలిపి, ఆరడుగుల ఎడంతో నాటండి. యూరియా వేస్తే ఆకే పెరుగుతుంది, పూత తగ్గుతుంది. పూలు కొత్త చిగుళ్ల కొసల్లో వస్తాయి కాబట్టి పూత అయ్యాక కొమ్మల్ని మూడో వంతు కత్తిరించాలి. దాంతో కాయలూ పోతాయి. వదిలేస్తే రెక్కల గింజలు గాలికెగిరి పక్క స్థలమంతా మొలుస్తాయి.

పచ్చగన్నేరు కరువుకు తట్టుకుంటుంది, గింజ వేస్తే సులువుగా మొలుస్తుంది. కానీ మొక్కంతా విషం, గింజ మరీను. నేరుగా గుండె మీద పనిచేస్తుంది. పిల్లలు, పశువులు తిరిగే పెరట్లో వద్దు. కత్తిరించేటప్పుడు చేతికి తొడుగులుండాలి, పాలు కంట్లో పడకూడదు.

అలమండ కూడా పసుపే గానీ వేసవిలో తరచూ నీళ్లడుగుతుంది. ఈ పోటీలోకి రాదు.